లూకా మాస్టారి లెక్క

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో సి ల్యాబు చేసినవారు ఈ సభలకు వచ్చినవారిలో చాలామందే ఉంటారు. మిగతావన్నీ మరిచిపోయినా రెండు ప్రోగ్రాములు మాత్రం గుర్తుండే ఉంటాయి. ఒకటి, ఇచ్చిన అంకె ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడం. రెండోది టవర్స్ ఆఫ్ హనోయ్, అంటే మూడు కడ్డీల మీద బిళ్లలను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చే ఆట. మొదటిది లూపు నేర్పడానికి, రెండోది రికర్షన్ నేర్పడానికి. ఈ రెండింటినీ కలిపే మనిషి ఒకడున్నాడని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి ఫ్రాన్సు దేశపు లెక్కల మాస్టారు ఎడ్వార్ లూకా. మన పుస్తకాల్లో లూకాస్ అని చదువుకుంటాం. ఫ్రెంచివాళ్లు చివరి అక్షరాన్ని మింగేసి లూకా అంటారు. ఆయన గురించి చెప్పేముందు నా సొంత గొడవ కాస్త చెప్పుకోవాలి.

నలభై తొమ్మిది

నేను చదివింది కోస్తా జిల్లాల్లో ఒక ప్రైవేటు కాలేజీ. అది 2000వ సంవత్సరం. ల్యాబులో ఇరవై కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ముగ్గురం, ఎదురుగా టర్బో సి నీలం తెర. మాకు రికార్డు రాయడమంటే ప్రోగ్రాం రాయడం కాదు, దించడం. సీనియర్ల రికార్డు చూసి మా బ్యాచిలో ఒకడు దించాడు. వాడి రికార్డు హాస్టలంతా తిరిగింది. అరవైమందిమీ దించాం. అందరికీ సంతకాలు పడ్డాయి.

ప్రాక్టికల్ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చారు. నాకు ప్రధాన సంఖ్య ప్రోగ్రాం వచ్చింది. లోలోపల సంతోషిస్తూ టైపు చేసి నడిపాను. 7 ఇస్తే అవునంది, 10 ఇస్తే కాదంది. ఆయన నన్ను పక్కకు జరగమని 49 కొట్టారు. ప్రధాన సంఖ్యే అని తెర మీద వచ్చింది. ఏడో ఎక్కం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతి నా ప్రోగ్రాముకు తెలియలేదు.

తప్పు చిన్నదే. ఒక సంఖ్యను దాని వర్గమూలం వరకు ఉన్న అంకెలతో భాగించి చూస్తే చాలు. నా లూపు సరిగ్గా వర్గమూలానికి ఒక అడుగు ముందే ఆగిపోయింది. చిన్నది లేక సమానం అని ఉండాల్సిన చోట చిన్నది అని మాత్రమే ఉంది. ఆయన ఏమీ అనకుండా పక్కనున్న నాలుగు రికార్డులు తిరగేశారు. నాలుగింటిలోనూ అదే తప్పు. ఇంతమందిలో ఒక్కరైనా దీన్ని సొంతంగా సరిచూశారా అని అడిగారు. ఎవరం నోరు మెదపలేదు.

ఎలాగో పాసయ్యాను. ఆ ప్రశ్న మాత్రం నాతో పాటే అమెరికా వచ్చింది. లూకా కథ చదువుతుంటే అడుగడుగునా అదే ప్రశ్న ఎదురైంది.

మెర్సెన్ జాబితా

ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 అలాంటివి. ఇవి అనంతంగా ఉన్నాయని యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు. కానీ ఫలానా పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం వేరే పని.

పారిస్‌లో మారెన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. రెండును కొన్నిసార్లు హెచ్చించి అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యల మీద ఆయనకు మోజు. రెండు రెండ్లు హెచ్చించి ఒకటి తీస్తే 3, మూడు రెండ్లకు 7, ఐదింటికి 31, ఏడింటికి 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. హెచ్చించే లెక్క, అంటే ఘాతాంకం, ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం కూడా ప్రధాన సంఖ్య కాదు. అది ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం అవుతుందన్న భరోసా కూడా లేదు. పదకొండు రెండ్లకు వచ్చే 2047 అంటే 23ను 89తో హెచ్చించినదే.

257 వరకు ఏయే ఘాతాంకాలకు ఫలితం ప్రధాన సంఖ్య అవుతుందో 1644లో మెర్సెన్ ఒక జాబితా అచ్చు వేశాడు. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. అంత పెద్ద సంఖ్యలను సరిచూసే దారి ఆయనకూ లేదు, చదివినవాళ్లకూ లేదు. 1772లో ఆయిలర్ 31 దగ్గర వచ్చే 2147483647ను నిజంగా ప్రధాన సంఖ్యేనని రుజువు చేశాడు. ప్రోగ్రామర్లకు ఇది పాత చుట్టం. 32 బిట్ల ఇంటిజరులో పట్టే అతి పెద్ద అంకె ఇదే. ఆ పై సంఖ్యల దగ్గర మాత్రం జాబితా చేతులు మారుతూనే ఉంది. మా రికార్డు హాస్టల్లో తిరిగినట్టే అన్నమాట.

అమియాఁ కుర్రవాడు

ఎడ్వార్ లూకా 1842 ఏప్రిల్ 4న ఉత్తర ఫ్రాన్సులోని అమియాఁ పట్టణంలో పుట్టాడు. చదువులో చురుకు. పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో సీటు వచ్చింది. ఉపాధ్యాయులను, పరిశోధకులను తయారుచేసే బడి అది. మన దగ్గర ఐఐటీలో సీటు వస్తే ఊళ్లో ఎంత పేరో అక్కడ దానికి అంత పేరు.

చదువయ్యాక పారిస్ ఖగోళ పరిశోధనశాలలో సహాయకుడిగా చేరాడు. అక్కడి అధిపతి ల వెర్యే. ఆకాశం వైపు చూడకుండా కాగితం మీద లెక్క వేసి నెప్ట్యూన్ గ్రహం ఎక్కడుందో చెప్పిన మహానుభావుడు. తెలివి ఎంతో కోపమూ అంతే. 1870లో సిబ్బంది తిరగబడి రాజీనామాలు చేస్తే ఆయన పదవి పోయింది. ఆ సంవత్సరమే ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. లూకా ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశాడు. ఫ్రాన్సు ఓడిపోయింది.

యుద్ధం తర్వాత ఆయన బడిపంతులయ్యాడు. మొదట మూలాఁ అనే చిన్న ఊళ్లో, ఆ తర్వాత పారిస్‌లోని షార్లమాన్, సెయింట్ లూయీ విద్యాలయాల్లో. ఇవి మన ఇంటర్మీడియట్ కాలేజీల వంటివి. విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఆయనకు ఎప్పుడూ దక్కలేదు. పగలంతా పిల్లలకు పాఠం చెప్పి, పరీక్ష కాగితాలు దిద్ది, మిగిలిన వేళల్లో పరిశోధన చేసిన మనిషి. పగలు ఆఫీసు పని, రాత్రి సొంత పని చేసుకునే మనలాంటివాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు.

ఆయన ముఖ్యమైన వ్యాసం ఒకటి 1878లో అమెరికాలో అచ్చయింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం అప్పుడే మొదలుపెట్టిన అమెరికన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్ మొదటి సంపుటిలో, ఫ్రెంచి భాషలోనే.

భాగించకుండా తేల్చడం

లూకాకు ఇష్టమైన వరస ఒకటుంది. 1, 1, 2, 3, 5, 8, 13. వెనక రెండూ కలిపితే తర్వాతది. దీనికి ఫిబొనాచీ పేరు స్థిరపడింది లూకా వల్లే. మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా నింపవచ్చు అని లెక్కపెడితే వచ్చేవి ఈ అంకెలే. ఫిబొనాచీ కంటే ముందే హేమచంద్రుడి వంటి మన ఛందశ్శాస్త్రకారులు దీన్ని గుర్తించారు. లూకా ఈ వరసనూ, దీని తోబుట్టువైన 2, 1, 3, 4, 7, 11, 18 అనే వరసనూ పట్టుకుని, ఏ ప్రధాన సంఖ్య వీటిలో ఎక్కడ తగులుతుందో గమనించాడు. అందులోంచే ఆయన పరీక్ష పుట్టింది.

మా ల్యాబు ప్రోగ్రాం పద్ధతి ఏమిటి? 2తో పోతుందా, 3తో పోతుందా అని వరసగా భాగించడం. 127 రెండ్లకు వచ్చే మెర్సెన్ సంఖ్యలో 39 అంకెలు. సెకనుకు వంద కోట్ల భాగాహారాలు చేసే యంత్రం ఉన్నా, వర్గమూలం వరకు వెళ్లడానికి నాలుగు వందల ఏళ్లు పైనే పడుతుంది. చేత్తో చేసే మనిషి సంగతి చెప్పేదేముంది.

లూకా భాగాహారం జోలికే పోలేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో ఆయన పరీక్ష ఇది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, 14 వస్తుంది. మళ్లీ వర్గం చేసి 2 తీసేయండి, 194 వస్తుంది. అంకె పెరిగిపోకుండా, మనం పరీక్షించే సంఖ్యతో ఎప్పటికప్పుడు భాగించి శేషం మాత్రమే ఉంచుకోండి. ఘాతాంకం ఎంతో అందులో రెండు తక్కువసార్లు ఇలా చేయాలి. చివర సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. అంతే.

31ని పరీక్షిద్దాం. ఘాతాంకం 5, కాబట్టి మూడుసార్లు చేయాలి. మొదటిసారి 14. రెండోసారి 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. మూడోసారి ఎనిమిది వర్గం 64, రెండు తీస్తే 62, అది 31కి సరిగ్గా రెట్టింపు. శేషం సున్నా. 31 ప్రధాన సంఖ్య. ఇప్పుడు 2047. తొమ్మిదిసార్లు చేయాలి. శేషాలు వరసగా 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర సున్నా రాలేదు. కాబట్టి 2047 ప్రధాన సంఖ్య కాదు. గమనించండి, 23 గురించీ 89 గురించీ మనం ఆలోచించనే లేదు. దొంగ ఎవరో తెలియకపోయినా దొంగతనం జరిగిందని మాత్రం కచ్చితంగా తేలిపోయింది.

1876లో లూకా ఈ దారిలోనే రెండు సంగతులు ప్రకటించాడు. మెర్సెన్ జాబితాలోని 67 తప్పు, ఆ సంఖ్య ప్రధానం కాదు. 127 మాత్రం ఒప్పు. 170141183460469231731687303715884105727 అనే 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య. అంతకుముందు 1867లో లాండ్రీ తేల్చినది 13 అంకెలది. ఇప్పుడు ఒక్క ఉదుటున ముప్ఫై తొమ్మిదికి. కంప్యూటర్లు వచ్చేదాకా, అంటే 75 ఏళ్లు, ఈ రికార్డు చెక్కుచెదరలేదు. యంత్రం సాయం లేకుండా మనిషి తేల్చిన వాటిలో ఎప్పటికీ పెద్దది ఇదే కావచ్చు.

గళ్ల బల్ల మీద పావులు

మరి 39 అంకెల సంఖ్యలను నూట ఇరవై అయిదుసార్ల దాకా వర్గం చేసి శేషం తీయడం ఎలా? ఇక్కడే లూకాలోని ఇంజనీరు బయటపడతాడు. అంకెలను ఒకట్లు, సున్నాలుగా, అంటే బైనరీలో రాశాడు. చదరంగం బల్లలాంటి గళ్ల బల్ల ఊహించుకోండి. అడ్డం 127, నిలువు 127. ఒకటి ఉన్నచోట పావు, సున్నా అయితే ఖాళీ. గుణకారమంటే ఆ పావుల వరసను ఒక్కో గడి జరుపుతూ కింది వరసల్లో మళ్లీ పేర్చడం. కూడిక అంటే ఒకే నిలువులో రెండు పావులుంటే రెండూ తీసేసి ఎడమ పక్క నిలువులో ఒకటి పెట్టడం.

మెర్సెన్ సంఖ్యల సొగసు ఏమిటంటే శేషం కోసం విడిగా భాగాహారం అక్కర్లేదు. ఎడమ అంచు దాటిన పావును తెచ్చి కుడి అంచున పెడితే చాలు. గడియారంలో పన్నెండు దాటగానే మళ్లీ ఒకటికి వచ్చినట్టు. లెక్క కాస్తా పావుల ఆట అయిపోయింది. ఈ రోజు మన ప్రాసెసర్లు చేసే షిఫ్టు, క్యారీ, వ్రాప్ అరౌండ్ అన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. లేనిది కరెంటు ఒక్కటే.

దీన్ని యంత్రంతో చేయించవచ్చని లూకాకు తెలుసు. రైల్వేలో ఇంజనీరుగా ఉన్న ఆన్రీ జెనాయ్ అనే మిత్రుడు, లూకా వేసిన ఒక ప్రశ్నకు జవాబుగా గుణకారానికి పనికొచ్చే గీతల కర్రలు తయారుచేశాడు. క్యారీ గుర్తుపెట్టుకోనవసరం లేకుండా గీతల వెంట కన్ను నడిపితే జవాబు వస్తుంది. పెద్ద ప్రధాన సంఖ్యలను పరీక్షించడానికి అంకగణిత పియానో అనే యంత్రాన్ని కూడా జెనాయ్ ఆలోచించాడు. కానీ ఆ పని చేసే యంత్రం రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

హనోయ్ గోపురం, కాశీ కథ

1883లో పారిస్ బజారులో ఒక బొమ్మ అమ్మకానికి వచ్చింది. మూడు కడ్డీలు, ఒకదాని మీద ఎనిమిది బిళ్లలు. సియాం దేశపు ఎన్. క్లాస్ అనే పెద్దమనిషి దీన్ని తెచ్చాడనీ, ఆయన లి-సూ-స్తియాన్ కళాశాల పండితుడనీ పెట్టె మీద రాశారు. ఆ పేర్లను రోమన్ లిపిలో రాసి అక్షరాలు అటూ ఇటూ మారిస్తే, అమియాఁ ఊరి లూకా, సెయింట్ లూయీ విద్యాలయం అని వస్తాయి. మాస్టారే మారువేషం వేశాడు.

బొమ్మతో పాటు ఒక కథ కూడా ప్రచారమైంది. కాశీలో ఒక ఆలయం, అందులో వజ్రపు కడ్డీల మీద 64 బంగారు బిళ్లలు, రాత్రీ పగలూ వాటిని మార్చే పూజారులు, ఆ పని పూర్తయిన క్షణాన ప్రళయం. మా కాలేజీలో ఈ కథను మన పురాణంలాగే చెప్పారు, నేను నమ్మాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అలాంటి గోపురం కాశీలో లేదు, అది పారిస్‌లో పుట్టిన కట్టుకథ అని. సరిచూసుకోకుండా నమ్మినవాటి జాబితాలో నాకు ఇది రెండోది.

ఇంతకీ ఎన్ని కదలికలు కావాలి? మూడు బిళ్లలకు 7, ఐదింటికి 31, ఎనిమిదింటికి 255. ఎన్ని బిళ్లలుంటే అన్ని రెండ్లు హెచ్చించి ఒకటి తీసేయాలి. అంటే మెర్సెన్ సంఖ్యలే! 64 బిళ్లలకు 18446744073709551615 కదలికలు, సెకనుకు ఒకటి చొప్పున సుమారు 58 వేల కోట్ల ఏళ్లు. మా రికార్డులో పక్కపక్కనే ఉన్న రెండు ప్రోగ్రాములూ ఒకే ఇంటివి అన్నమాట. లూకా ఏ సంఖ్యల కోసం రాత్రులు పావులు జరిపాడో వాటినే పిల్లల చేతికి బొమ్మగా ఇచ్చాడు.

చుక్కలు కలిపి గళ్లు కట్టే ఆట మనం చిన్నప్పుడు నోటుబుక్కు వెనక పేజీల్లో ఆడుకునేవాళ్లం కదా, దాన్ని 1889లో మొదట అచ్చులో వివరించినదీ ఆయనే. వినోద గణితం మీద సంపుటాలు రాశాడు. వాటిలో చివరివి ఆయన పోయాకే వెలువడ్డాయి.

పగిలిన పళ్లెం

1891లో సంఖ్యావాదం మీద లూకా పెద్ద గ్రంథం మొదటి సంపుటి వచ్చింది. తర్వాతి సంపుటాలు రావాల్సి ఉంది. ఆ సంవత్సరం ఫ్రెంచి విజ్ఞాన సంఘం వార్షిక సభలు మార్సెయ్ నగరంలో జరిగాయి. మన సభల్లో ఉన్నట్టే అక్కడా ఉపన్యాసాల తర్వాత విందు. వడ్డించే మనిషి చేతిలోంచి పళ్లెం జారి పగిలింది. ఎగిరిన పెంకు ఒకటి లూకా చెంపను కోసింది. చిన్న గాయమే. కానీ అది చీము పట్టి ఎరిసిపెలాస్ అనే చర్మ వ్యాధికి దారితీసింది. ఈ రోజుల్లో వారం రోజుల మాత్రలతో నయమయ్యే జబ్బు. పెన్సిలిన్ కనుక్కోవడానికి అప్పటికి ఇంకా 37 ఏళ్లుంది. 1891 అక్టోబరు 3న లూకా చనిపోయాడు. వయసు 49.

నలభై తొమ్మిది అనగానే నాకు ఆ నీలం తెర గుర్తొచ్చింది. అదంతా యాదృచ్ఛికమే. కానీ ఈ వ్యాసం రాయాలని కూర్చున్నది మాత్రం ఆ క్షణానే.

రెండోసారి చూసినవాళ్లు

లూకా పోయేనాటికి ఆయన సిద్ధాంతంలో ఖాళీలున్నాయి. కొన్ని రుజువులు అసంపూర్తి. 127 మీద ఆయన ఒంటరిగా చేసిన చేతి లెక్కలో ఒక్క పావు పొరపాటున పక్క గడిలో పడి ఉంటే? గొప్పవాడు చెప్పాడు కదా అని ఊరుకుంటే మెర్సెన్ జాబితా కథే మళ్లీ జరిగేది. ఊరుకోనివాళ్లు ఉన్నారు. అదే నాకు ఈ కథలో నచ్చిన భాగం.

1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ బల్ల దగ్గరికి వెళ్లి, ఒక్క మాట మాట్లాడకుండా 67 రెండ్లను హెచ్చించి ఒకటి తీశాడు. పక్కన 193707721ని 761838257287తో గుణించాడు. రెండూ ఒకటే. 27 ఏళ్ల కిందట లూకా దొంగతనం జరిగిందన్నాడు, కోల్ దొంగలను పట్టుకొచ్చాడు. 1914లో ఫోకంబెర్గ్ అనే ఫ్రెంచివాడు 127 లెక్కను మళ్లీ చేశాడు. లూకా చెప్పింది నిజమే. మెర్సెన్ జాబితాలో 61, 89, 107 కనపడకుండా పోయాయనీ, 257 తప్పనీ ఒక్కొక్కటిగా తేలాయి. 300 ఏళ్ల జాబితాలో మొత్తం అయిదు తప్పులు.

1930లో అమెరికన్ గణితవేత్త డెరిక్ హెన్రీ లేమర్ లూకా పరీక్షకు పూర్తి రుజువు ఇచ్చి, నేను పైన చెప్పిన సులువైన రూపానికి తెచ్చాడు. అప్పటి నుంచి దానికి లూకాస్-లేమర్ పరీక్ష అని పేరు. 1952 జనవరి 30న లాస్ ఏంజెలెస్‌లో స్వాక్ అనే కంప్యూటరు మీద రాఫెల్ రాబిన్సన్ రాసిన ప్రోగ్రాం నడిచింది. ఆయన ఆ యంత్రాన్ని అంతకుముందు చూడనే లేదు, మాన్యువల్ చదివి రాశాడు. మొదటిసారే తప్పు లేకుండా నడిచింది. ఆ ఒక్క రోజే 521, 607 ఘాతాంకాల దగ్గర రెండు కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యలు దొరికాయి. లూకా గళ్ల బల్లకు కరెంటు వచ్చింది.

2002లో మన ఐఐటీ కాన్పూరులో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఏ సంఖ్యనైనా సరే ప్రధానమా కాదా అని అంచనాల సాయం లేకుండా సహేతుకమైన కాలంలో తేల్చవచ్చని రుజువు చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. అది అన్ని సంఖ్యలకూ పనికొచ్చేది. మెర్సెన్ సంఖ్యల వరకు మాత్రం వేగంలో లూకా పరీక్షదే పైచేయి.

మా బేస్‌మెంటులో

1996లో జార్జ్ వోల్ట్‌మన్ అనే ప్రోగ్రామరు గింప్స్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు అది మెర్సెన్ సంఖ్యలను పరీక్షించేలా ప్రైమ్95 అనే ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. 2009లో నేనూ పెట్టుకున్నాను. న్యూజెర్సీలో కొత్తగా ఇల్లు కొన్నాం. భాగాలు కొని నేనే బిగించుకున్న కంప్యూటరు బేస్‌మెంటులో రాత్రీ పగలూ తిరుగుతుండేది. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ ఇదెందుకండీ అని అడిగేది. చలికాలంలో గది వెచ్చగా ఉంటుందని సర్దిచెప్పేవాణ్ని.

ఒక్కో సంఖ్యకు నాలుగు కోట్ల పైచిలుకు వర్గాలు, నెల రోజుల పని. సున్నా రాలేదు. రాదని తెలిసినా ప్రతిసారీ ఆశే. సున్నా రాకపోతే చివరి శేషంలో 64 బిట్లు పంపిస్తుంది. కొన్నేళ్ల తర్వాత అదే సంఖ్యను మరెవరి యంత్రమో మళ్లీ మొదటి నుంచీ చేస్తుంది. రెండు శేషాలూ కలిస్తేనే లెక్క ఖాయం.

2015లో చూసుకుంటే నా లెక్కల్లో ఒకటి కలవలేదు. మూడో యంత్రం చేసి చూసింది. తప్పు నాదే. మెమరీ చిప్పులో ఒకటి అప్పుడప్పుడూ ఒక బిట్టు మార్చేస్తోందని పరీక్షిస్తే బయటపడింది. ఒక్క బిట్టు తప్పితే ఆ తర్వాతి కోట్ల లెక్కలన్నీ వృథా. అదే కంప్యూటర్లో ఆరేళ్లుగా మా పన్ను కాగితాలు, పిల్లల ఫోటోలు, నాన్నగారు పోకముందు మేము స్కాన్ చేసిన ఆయన ఉత్తరాలు. భయపడి అన్నీ తెరిచి చూశాను. రెండు ఉత్తరాలు తెరుచుకోలేదు. బ్యాకప్‌లో ఉన్నవీ అవే పాడైన ఫైళ్లు. నకలు తీసి పెట్టుకుంటే సరిచూసుకున్నట్టేనని ఆరేళ్లు అనుకున్నాను. అదృష్టం బాగుండి అసలు కాగితాలు తెనాలిలో అమ్మ బీరువాలో ఉన్నాయి.

ఎక్స్‌టర్నల్ ప్రశ్న ఆ రోజు మళ్లీ వినపడింది. అరవై రికార్డులు ఒకేలా ఉండటం అరవైసార్లు సరిచూడటం కాదు. ఒకే తప్పుకు అరవై నకళ్లు, అంతే. సరిచూడటమంటే వేరే మనిషి, వేరే యంత్రం, వేరే దారి.

ఈ మధ్య దారులు ఇంకా మెరుగుపడ్డాయి. లెక్క నడుస్తుండగానే తప్పును పట్టుకునే ఉపాయాన్ని 2017లో రాబర్ట్ గెర్బిచ్ కనిపెట్టాడు. 2020 నుంచి మొత్తం లెక్క తిరిగి చేయకుండానే, చిన్న ధ్రువీకరణతో సరిచూసే పద్ధతీ వచ్చింది. అందుకే తొలి జల్లెడకు ఇప్పుడు ఫెర్మా పేరున్న మరో పరీక్ష వాడుతున్నారు. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ 136279841 ఘాతాంకం దగ్గర 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్యను పట్టుకున్నాడు. అందులో 4,10,24,320 అంకెలు. ఐర్లండులో ఒక గ్రాఫిక్స్ ప్రాసెసరు అనుమానం చెప్పింది. దాన్ని ఖాయం చేయడానికి మరునాడు టెక్సాస్‌లో ఇంకో ప్రాసెసరు నడిపింది లూకాస్-లేమర్ పరీక్షనే. ఆ తర్వాత వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు యంత్రాల మీద మళ్లీ చూశాకే లోకానికి చెప్పారు. ఆఖరి మాట ఇప్పటికీ మన బడిపంతులుదే.

మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో పైథాన్ నేర్చుకుంటోంది. ఈ పిల్లలకు దించడానికి సీనియరు రికార్డు కూడా అక్కర్లేదు, అడిగితే కంప్యూటరే ప్రోగ్రాం రాసిస్తుంది. మొన్న తను ప్రధాన సంఖ్యల ప్రోగ్రాం చూపిస్తే, పక్కకు జరగమ్మా అని 49 కొట్టాను. కాదు అని సరిగ్గానే చెప్పింది. నలభై తొమ్మిదే ఎందుకు నాన్నా అని అడిగింది. ఆ రాత్రి తనకు చెప్పిన కథే ఇది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే హనోయ్ గోపురం ఒకటి కొనిపెట్టండి. ఏడు బిళ్లలు పెట్టి కదలికలు లెక్కపెట్టమనండి. తప్పు లేకుండా ఆడితే 127 వస్తుంది. అదీ మెర్సెన్ ప్రధాన సంఖ్యే, దాన్నే ఘాతాంకంగా చేస్తే వచ్చేది లూకా రికార్డు సంఖ్య. వాళ్లు లెక్కపెట్టాక పక్కన కూర్చుని మీరూ ఒకసారి విడిగా లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలిస్తే మాస్టారికి ఒక నమస్కారం పెట్టుకోండి.